ఒక్కటి తక్కువ

మా నాయిన పొద్దుగూకంగ దొడ్డి కాడ నిలవడి
గొర్లను లెక్కబెట్టేది,
నోటితోటి కాదు, కట్టెతోటి,
ఒక్కో వీపు మీద ఒక్కో తాకుడు.
నేను ఎయిర్‌పోర్టుల ట్రాలీలు లెక్కబెడుత.
చెయ్యి అదే.
ముప్పైటిని ఒకదాన్లొకటి దూర్చి ఎనకనుంచి తోస్తే
ముందుది ఎటు మళ్లితే అన్నీ అటే.

కరోనా ఏడు మందంతా దొడ్లెనే ఉండె.
మనిషి అలికిడి లేక అద్దాల తలుపులు
తెరుచుకునుడు మర్సిపోయినయి.
రన్‌వే పక్క గడ్డిల నెమళ్లు దిగినయంట,
దిగినందుకు కిరాయి కట్టకుంట.
"కుర్మన్నా, ఇంటికాడుండు, పిలుస్త" అన్నడు
కాంట్రాక్టు మేస్త్రి బీచుపల్లి.
పిలువనీకె పదహారు నెల్లు పట్టింది.
అన్నాళ్లు బాలానగర్ గుట్టలల్ల సీతాఫలాలు తెంపిన.
ఏ కాయ కన్ను తెరిసిందో, ఏది తెరవలేదో
చేతులు మళ్ల నేర్చుకున్నయి.

తిరిగి తెరిసిన దినం లెక్కజేస్తే
నాలుగు వందల పన్నెండుకు
నాలుగు వందల పదకొండే ఉన్నయి.
మూడుసార్లు తాకుకుంట పోయిన.
"ఎటో పోయింటది, రాయి" అన్నడు బీచుపల్లి.
రాసిన: ఒక్కటి తక్కువ.

ఇప్పుడు మందకు ఊపిరాడుతలేదు.
కోడి కూయకముందే మొదటి విమానం,
దాని తోక వట్టుకొని ఇంకోటి.
పార్కింగుల నిమిషానికో ధర,
సెంటు దుకాణం ముంగట నిలవడనీకె జాగ లేదు.
ఆ వాసన నా అంగీకంటుకొని ఇంటిదాంక వస్తది.
మణెమ్మ ముక్కు ఎగబీలుస్తది,
ఏమనది.

మొన్న ఆఫీసోళ్లు కేకు కోసిండ్రు.
కరోనా ముందటి లెక్కను దాటినమని
గోడ మీద ఒక గీతను చూపెట్టిండ్రు,
గుట్టెక్కే మేక లెక్క నిటారుగ పోతుండె.
అప్పుడు షిఫ్టుకు పద్నాలుగురం,
ఇప్పుడు తొమ్మండుగురం,
ఆ గీతల మేమేడ ఉన్నమని అడుగుదమనుకున్న.
కేకు మెత్తగుండె.
అడగలే.

నిన్న పగటాళ్ల డ్యూటీ బస్సు కోసం
బాలానగర్ రోడ్డు మీద నిలవడ్డ.
చాందీబాయి సీతాఫలాల బండి జరుపుతుంటే
ఎడమ చక్రం కుయ్యిమన్నది,
తల్లి కానరాని గొర్రెపిల్ల తీరు.
ఆ గొంతు నేనెరుగుదు.
తలకాయ లేపి చూస్తే
కాయల గుట్ట కింద మా ట్రాలీ!
బ్యాంకు బొమ్మ ఎండకు ఎలిసిపోయి
నవ్వే పిల్లకు పండ్లు మాత్రమే మిగిలినయి.

"యాడిది?" అన్న.
"పాత సామాను సేటు దగ్గర ఎనిమిదొందలు వెట్టి తెచ్చిన.
గంపల ఉన్నప్పుడు ఒక్క కారాగకపోతుండె.
గింత ఎత్తుకొచ్చినంక
ఇమానానికి పోయెటోళ్లు సుత ఆగుతున్నరు.
నా యాపారం రెండింతలైంది అన్నా!"
చెప్పుకుంట ఆమె చెయ్యి పైకి లేపింది,
గోడ మీది గీత లెక్కనే.

నా సంచిల గ్రీజు డబ్బి ఉండె.
వంగి, చక్రానికి రాసిన.
రెండుసార్లు ముందుకు, రెండుసార్లు ఎనకకు తోస్తే
కుయ్యిమనుడు ఆగింది.
ఇగ దాన్ని నేను సుత గుర్తువట్టలేను.

చాందీబాయి రెండు కాయలిచ్చింది.
కన్ను తెరిసినదాన్ని బస్సుల తిన్న.
తెరవనిది సంచిల వెట్టుకొని గేటు కాడికి పోతే
సంచిని మిషిన్లకు తోసిండ్రు.
తెర మీద కాయ లోపటి గింజలన్నీ
నల్లగ, ముడుసుకొని, పక్కపక్కన కనవడ్డయి,
చీకట్ల దొడ్లె వండుకున్నట్టు.
అలవాటు కొద్దీ లెక్కవెట్టవోయిన.
ఏడు దాంక వచ్చిన.
బెల్టు ఆగలే.